పాత కరోలాలో సర్పెంటైన్ బెల్ట్ అరిగిందో లేదో చూడటం, మార్చడం ఎలా?

బానెట్ కింద కీచుమని శబ్దం రాగానే బెల్ట్ మార్చేస్తారు. నెల తిరక్కుండా మళ్లీ అదే శబ్దం వస్తే కొత్త బెల్ట్ నాసిరకమని తిట్టుకుంటారు. చాలాసార్లు తప్పు బెల్ట్‌ది కాదు. దాన్ని బిగువుగా పట్టుకునే టెన్షనర్‌దో, అరిగిన బేరింగ్‌దో, పైనుంచి కారే ఆయిల్‌దో అయి ఉంటుంది. అందుకే పానా పట్టుకునే ముందు కళ్లతో, చెవులతో చేయాల్సిన పని ఉంది.

ఇక్కడ చెప్పేది 2003 నుంచి 2008 దాకా మన దేశంలో అమ్మిన టయోటా కరోలా గురించి. అందులో 1.8 లీటర్ పెట్రోల్ ఇంజన్ ఉంటుంది, పేరు 1జెడ్‌జెడ్-ఎఫ్‌ఈ. అమెరికాలో చదువుకోడానికి వెళ్లిన మన పిల్లలు సెకండ్ హ్యాండ్‌లో కొనే కరోలా ఆ ఏళ్లదైతే అందులోనూ దాదాపుగా ఇదే ఇంజన్. సర్పెంటైన్ బెల్ట్ అంటే ఇదే: ఒకే ఒక్క బెల్ట్ క్రాంక్ పుల్లీ (ఇంజన్ తిప్పే కింది చక్రం) నుంచి బయల్దేరి వాటర్ పంప్ (ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్‌ని తిప్పేది), ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జ్ చేసేది), ఏసీ కంప్రెసర్, పవర్ స్టీరింగ్ పంప్ అన్నింటినీ తిప్పుతుంది. టైమింగ్‌కి, అంటే ఇంజన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకోడానికి, మాత్రం వేరే చైన్ ఉంది కాబట్టి ఈ బెల్ట్ తెగినా ఇంజన్ వెంటనే ఆగదు. ప్రమాదం అక్కడే ఉంది. వాటర్ పంప్ ఆగిపోయాక కూడా, ఇల్లు దగ్గరే కదా అని నడిపితే ఇంజన్ పైభాగమైన అల్యూమినియం హెడ్ వేడికి వంగిపోతుంది. డ్యాష్‌బోర్డ్ మీద బ్యాటరీ లైటు వెలిగి, అదే క్షణంలో స్టీరింగ్ బరువెక్కితే బండి పక్కకు తీసి వెంటనే ఆపేయండి.

బెల్ట్ నిజంగా అరిగిందా?

పగుళ్లు లేవు కాబట్టి బాగానే ఉంది అనే మాట పాతకాలపు నియోప్రీన్ బెల్టులకు పనికొచ్చేది. ఇప్పుడొచ్చేవి ఈపీడీఎం అనే మరో రకం సింథటిక్ రబ్బరుతో చేసినవి. అవి అంత తేలిగ్గా పగలవు, టైరులా మెల్లగా అరుగుతాయి. బెల్ట్ లోపలి వైపు నిలువునా వరసగా ఉండే రిబ్బులు అరిగేకొద్దీ వాటి మధ్య గాడి వెడల్పవుతుంది. అప్పుడు బెల్ట్ పుల్లీలోకి మరీ లోతుగా దిగిపోయి, పక్కలు పట్టుకోవాల్సింది పోయి అడుగు ఆనుకుంటుంది. పట్టు పోయి జారడం మొదలవుతుంది. చూడటానికి నల్లగా, నున్నగా, కొత్తదానిలాగే ఉంటుంది. కొత్త బెల్ట్‌ను పక్కన పెట్టి గాడుల్ని పోల్చి చూస్తే తేడా తెలిసిపోతుంది. రిబ్ ముక్కలు ఊడినా, అంచున దారప్పోగులు లేచినా, వెనకవైపు అద్దంలా మెరుస్తున్నా ఇక ఆలోచించక్కర్లేదు, మార్చాల్సిందే.

శబ్దం ఎక్కడిదో తేల్చడానికి నేను నమ్మేది నీళ్ల పరీక్ష ఒక్కటే. ఇంజన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉంచి, స్ప్రే బాటిల్‌తో బెల్ట్ రిబ్బుల వైపు కొద్దిగా నీళ్లు కొట్టండి. చున్నీ, కండువా, లూజు చొక్కా, చేతి కడియం లాంటివి ఉంటే ముందే తీసేయండి. నీళ్లు పడగానే శబ్దం ఆగి, తడి ఆరగానే మళ్లీ కిచకిచమంటే పుల్లీలు ఒక వరసలో లేవని అర్థం. నీళ్లు పడ్డాక కీచు ఇంకా పెరిగితే బెల్ట్ జారుతోందని, అంటే టెన్షన్ చాలడం లేదని అర్థం. మొదటిదానికి బెల్ట్ మార్చినా ఉపయోగం ఉండదు. నీళ్లతో ఏ మార్పూ లేకుండా గరగరమంటుంటే బేరింగ్ సంగతి చూడాలి.

కొంతమంది బెల్ట్‌కి సబ్బు రాస్తారు, మైనం రాస్తారు, డబ్బాలో వచ్చే స్ప్రే కొడతారు. దయచేసి ఇవేవీ చేయకండి. శబ్దం ఆగుతుంది, జారడం ఆగదు. పైగా ఆ జిగటకి దుమ్ము పట్టి పుల్లీ గాడుల్లో గట్టిపడుతుంది, కొత్త బెల్ట్ వేసినా దాని మీదే నడవాలి. అలాగే బెల్ట్ మీద ఆయిలో, పవర్ స్టీరింగ్ ఫ్లూయిడో, కూలెంటో కనిపిస్తే ముందు ఆ లీకేజీ ఆపించి, ఆ తర్వాతే కొత్తది వేయండి.

కావాల్సినవి

కొత్త బెల్ట్, 19 నంబర్ పొడవాటి రింగ్ పానా, క్రాంక్ బోల్టుకి సరిపోయే సాకెట్, దాని హ్యాండిల్, జాకీ, జాక్ స్టాండ్, వీల్ పానా, టార్చి, శుభ్రమైన గుడ్డ. జాకీ మీద గానీ ఇటుకల మీద గానీ నిలబెట్టిన బండి కింద చెయ్యి పెట్టకూడదు, స్టాండ్ ఉండాల్సిందే. బెల్ట్ కొనేటప్పుడు పాతదాని వీపు మీద నంబరు చూసి కొనండి. 6పీకే1000 అని ఉంటే 6 రిబ్బులు, 1000 మిల్లీమీటర్ల పొడవు అని. ఇంచుమించు సరిపోతుందని షాపువాళ్లు ఇచ్చే వేరే సైజు తీసుకోవద్దు.

టెన్షనర్‌కి రాట్చెట్ (ఒకవైపే పట్టి తిప్పే సాకెట్ హ్యాండిల్) వాడకండి. ఇరుకు చోట దాని తల అడ్డుకుంటుంది, వెనక్కి వదలాల్సిన సమయంలో ఇరుక్కుపోతుంది. ఓపెన్ పానా జారి వేళ్లు నలుగుతాయి. పొడవాటి రింగ్ పానాయే సరైనది.

పాతది తీయడం

ఇంజన్ పూర్తిగా చల్లారాక, తాళం తీసేసి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పండి. బెల్ట్ ఉండేది బండికి కుడి పక్క, అంటే మన దగ్గర డ్రైవర్ వైపు, అమెరికాలో ప్యాసింజర్ వైపు. ముందు కుడి చక్రం తీసి, లోపలి ప్లాస్టిక్ కవర్ కూడా విప్పండి. పైనుంచే పని కానిచ్చేయొచ్చు కదా అంటారు. కానిచ్చేయొచ్చు, కానీ కింద ఉన్న క్రాంక్ పుల్లీ పైనుంచి సరిగ్గా కనిపించదు. కనిపించని పుల్లీ మీద బెల్ట్ కూర్చుందని ఎవరూ చెప్పలేరు. చక్రం తీయకుండా ఈ పని మొదలుపెట్టకండి.

బెల్ట్ వెళ్లే దారిని ఫోన్‌లో రెండు మూడు కోణాల్లో ఫొటో తీసి, కాగితం మీద కూడా గీయండి. ఫొటోలో నీడలు అడ్డొస్తాయి, గీసిన బొమ్మలో రావు. తర్వాత టెన్షనర్ మీద పానా పెట్టి, పుల్లీల వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలో నెమ్మదిగా తిప్పండి. ఈ ఇంజన్‌లో టెన్షనర్‌కి హైడ్రాలిక్ సిలిండర్ ఉంటుంది, అది బలానికి కాదు, ఓపికకి లొంగుతుంది. ఒక్కసారిగా గుంజితే సిలిండర్ సీలు పాడవుతుంది. బెల్ట్ వదులవ్వగానే ఆల్టర్నేటర్ పుల్లీ మీంచి జార్చి, పానాని మెల్లగా వెనక్కి రానివ్వండి.

బెల్ట్ బయటికి వచ్చాక ప్రతి పుల్లీని చేత్తో తిప్పి చూడండి. గరగర ఉన్నా, అటూఇటూ ఊగినా ఆ భాగం పని అయిపోవచ్చినట్టే. టెన్షనర్ సిలిండర్ చుట్టూ నూనె తడి ఉన్నా, ఇంజన్ నడిచేటప్పుడు టకటకమని కొట్టుకున్నా దాన్నీ మార్పించాలి. ఈ బండిలో టెన్షనర్ బోల్టుకి ఇంజన్ మౌంట్ (ఇంజన్‌ని బాడీకి పట్టి ఉంచే ఆధారం) అడ్డొస్తుంది, ఇంజన్‌ని కింద నుంచి ఆపి మౌంట్ విప్పాలి. అది మంచి మెకానిక్‌కి వదిలేయండి.

కొత్తది వేయడం: ఇక్కడే పాడుచేస్తారు

మిగతా పని ఎవరైనా చేస్తారు. ఈ ఒక్క చోట తొందరపడితే కొత్త బెల్ట్ అరగంటలో చీలికలవుతుంది.

ముందు పుల్లీల గాడుల్ని పొడిగుడ్డతో తుడవండి. పెట్రోల్, గ్రీజు లాంటివేవీ వద్దు. చేతులు కూడా కడుక్కోండి. చిన్న రాయి ఒకటి గాడిలో ఇరుక్కున్నా ఆ రిబ్ అక్కడే తెగడం మొదలవుతుంది.

బెల్ట్‌ని కింది నుంచి, క్రాంక్ పుల్లీతో మొదలుపెట్టి గీసుకున్న బొమ్మ ప్రకారం చుట్టండి. గాడులున్న పుల్లీలకి రిబ్బుల వైపు, నున్నటి పుల్లీలకి వీపు తగలాలి. ఎక్కడైనా గాడుల మీద వీపు పడిందంటే దారి తప్పింది, మొత్తం తీసి మళ్లీ మొదలుపెట్టండి. తప్పుగా చుట్టిన బెల్ట్ కూడా ఒక్కోసారి సరిపోయినట్టే కనిపిస్తుంది, కానీ వాటర్ పంప్ వెనక్కి తిరుగుతుంది.

ఆల్టర్నేటర్ పుల్లీని చివరికి వదిలేయండి. ఒక చేత్తో టెన్షనర్‌ని పూర్తిగా తిప్పి పట్టుకుని, రెండో చేత్తో బెల్ట్‌ని పుల్లీ మీదికి జార్చాలి. అందడం లేదంటే ఎక్కడో ఒక గాడి నుంచి బెల్ట్ పైకి లేచి ఉందని అర్థం. అప్పుడు స్క్రూడ్రైవర్ పెట్టి మీటకూడదు. పుల్లీ అంచు మీంచి మీటితే లోపలి దారాలు తెగుతాయి. పైకి ఏమీ కనిపించదు, కొన్ని వారాల తర్వాత హైవే మీద తెగుతుంది. ఇంకొకరి సాయం తీసుకోండి, ఒకరు పానా పట్టుకుంటే ఇంకొకరు రెండు చేతులతో బెల్ట్ చూసుకుంటారు.

బెల్ట్ ఎక్కాక టెన్షనర్‌ని మెల్లగా వదలండి. ఇప్పుడు టార్చి వేసి ఒక్కో పుల్లీ దగ్గర ఆగి చూడాలి. రిబ్ ఒక్కటి పక్క గాడిలో పడితే బెల్ట్ ఒక అంచున బయటికి వేలాడుతుంది, రెండో అంచున ఒక గాడి ఖాళీగా కనిపిస్తుంది. చూపు చాలని చోట వేలితో అంచు తడమండి. క్రాంక్ పుల్లీని చక్రం తీసిన వైపు నుంచి, కంటికి ఎదురుగా చూడండి.

చూశాక కూడా సెల్ఫ్ కొట్టకండి. క్రాంక్ బోల్టుకి సాకెట్ పెట్టి, గడియారం దిశలోనే చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఒక గాడి పక్కకి పడి ఉంటే ఈ రెండు చుట్లలో అది బయటపడుతుంది. తిప్పాక మళ్లీ అన్ని అంచులూ చూడండి. ఈ మెట్టు వదిలేసి నేరుగా స్టార్ట్ చేస్తే, పక్కన పడ్డ రిబ్ కోసుకుపోయి, దాని పోగులు క్రాంక్ పుల్లీ వెనక చుట్టుకుంటాయి. అప్పుడు బెల్ట్‌తో పోయేది కాస్తా ఆయిల్ సీలు దాకా వస్తుంది.

స్టార్ట్ చేశాక

బ్యాటరీ వైరు బిగించండి. సాకెట్లు, గుడ్డలు ఏవీ లోపల మిగల్లేదని చూసుకుని, కొద్ది సెకన్లు మాత్రం ఇంజన్ నడిపి ఆపండి. బెల్ట్ అంచులు మళ్లీ చూడండి. అన్నీ సరిగ్గా ఉంటే ఈసారి ఏసీ, హెడ్‌లైట్లు వేసి, స్టీరింగ్‌ని చివరిదాకా ఒకసారి తిప్పండి. అంత బరువు పడినా కీచు రాకపోతే పని అయినట్టే. కవర్, చక్రం బిగించి, గీసిన బొమ్మని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, మార్చిన తేదీ, కిలోమీటర్లు రాసి బానెట్ లోపలి వైపు అంటించండి. రెండు మూడు రోజులు తిరిగాక ఇంజన్ ఆపి, టార్చితో అంచులు ఇంకోసారి చూడండి.