రంపపు పొట్టు నుంచి యాక్టివేటెడ్ కార్బన్ – 4వ పాఠం: ఆసిడ్ చెక్కకే, బొగ్గుకు కాదు

యాక్టివేటెడ్ కార్బన్ అంటే నీటిలోని రంగుల్లాంటివాటిని పట్టుకునే సన్నని రంధ్రాలున్న కార్బన్. బొగ్గుకు ఆవిరితో ఆ రంధ్రాలు చేసే పద్ధతి ఈ వారం మొదలుపెట్టాలి. కానీ పొట్టును ఫాస్ఫారిక్ ఆసిడ్‌లో నానబెట్టి, కాల్చి, కడిగే మూడో పాఠం చేసినవాళ్లలో చాలామంది రాసింది ఒక్కటే: "నల్లగానే వచ్చింది, మెథిలీన్ బ్లూ రంగు మాత్రం పోలేదు." (మెథిలీన్ బ్లూ అంటే కార్బన్ పనితనం పరీక్షించడానికి వాడే నీలి రంగు.) ఎలా చేశారని అడిగితే అసలు సంగతి తెలిసింది. రెండో పాఠంలో చేసిన బొగ్గునే ఫాస్ఫారిక్ ఆసిడ్‌లో నానబెట్టారు. పొరపాటు నాదే. "పొట్టు" అన్నాను గానీ "కాల్చని పొట్టు" అని రాయలేదు. అందుకే ఆవిరి పద్ధతిని వచ్చే వారానికి జరిపాను.

పచ్చి మట్టిలో పుల్ల గుచ్చి, కాల్చాక తీసేస్తే రంధ్రం మిగులుతుంది. కాల్చిన కుండలో పుల్ల దిగదు. ఇక్కడ ఆసిడే ఆ పుల్ల. చెక్కలోని సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్‌లలోకి చొరబడి, వాటిలోంచి నీటిని లాగేసి, వాటి అణువుల గొలుసుల మధ్య ఫాస్ఫేట్ వంతెనలు కడుతుంది. తారుగా, పొగగా పోవలసిన కార్బన్‌లో చాలా భాగం అందువల్లే నిలబడుతుంది. తర్వాత కడిగితే ఆసిడ్ ఉన్న చోటు ఖాళీ అవుతుంది. బొగ్గులో ఆ గొలుసులే ఉండవు, ఆసిడ్‌కు చేయడానికి పెద్దగా పని దొరకదు. బొగ్గుకు కావలసింది 800–900 డిగ్రీల ఆవిరి. మీ బొగ్గు పారేయకండి, వచ్చే వారం అదే వాడతాం.

ఫర్నేస్‌ను 450 డిగ్రీల దగ్గర ఆపమన్నదీ ఇందుకే. అంతకంటే బాగా పైకి వెళ్తే ఆ వంతెనలు తెగుతాయి, తెరుచుకున్న నిర్మాణం మళ్లీ ముడుచుకుంటుంది. 600 పెట్టి "ఇంకా బాగా వస్తుందనుకున్నాం" అన్నవాళ్లూ ఉన్నారు. దయచేసి వద్దు.

తూకం: 20 గ్రాముల ఎండిన పొట్టుకు 30 గ్రాముల ఆసిడ్ అన్నాను. సీసాలో ఉన్నది 85 శాతమే కాబట్టి 35.3 గ్రాములు తూచాలి. నేనైతే సరుగుడు పొట్టే వాడతాను. ప్లైవుడ్ కోసిన పొట్టులో జిగురు ఉంటుంది, దాని జోలికి వెళ్లను.

కడగడం: వేడినీళ్లతో, పీహెచ్ పేపర్ 6 దాటేదాకా. రెండుసార్లు కడిగి ఆపితే రంధ్రాల్లో ఆసిడ్ అలాగే కూర్చుని ఉంటుంది. నాకు ఎనిమిది, పదిసార్లు పడుతుంది. ఫర్నేస్ పొగ బయటికి పోయే ఏర్పాటు లేనిచోట ఈ పని చేయకండి.

అభ్యాసం: రెండు రోజులు పడుతుంది, అయినా చేయండి. నాలుగు నమూనాలు కావాలి: ఒకటి, ఒట్టి బొగ్గు; రెండు, ఆసిడ్ పట్టించి 450లో కాల్చి కడిగిన బొగ్గు; మూడు, ఆసిడ్ పట్టించి కాల్చి కడిగిన పొట్టు; నాలుగు, అదే పొట్టు, కడగనిది. అన్నిటినీ ఒకే మెత్తదనానికి నూరి, ఒకే జల్లెడ పట్టి, 110 డిగ్రీల్లో ఆరబెట్టండి. లీటరుకు 100 మిల్లీగ్రాముల మెథిలీన్ బ్లూ ద్రావణం 100 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు సీసాల్లో పోసి, ఒక్కోదానిలో ఒక్కో నమూనా 0.1 గ్రాము వేయండి. రాత్రంతా మధ్యమధ్య కుదుపుతూ ఉంచి, ఉదయం వడకట్టి, తెల్ల కాగితం ముందు వరసగా పెట్టి ఫోటో తీసి పంపండి. మూడో సీసాలో నీలం మిగిలితే, ఎన్నిసార్లు కడిగారో కూడా రాయండి.