ఎప్‌సెట్ సీటు వచ్చింది, ల్యాప్‌టాప్ కొంటున్నారా? ముందు పూర్తి నంబరు చదవండి

కౌన్సెలింగ్‌లో సీటు ఖాయమైందంటే ఇంటిల్లిపాదికీ వచ్చే తర్వాతి ఖర్చు ల్యాప్‌టాప్. సరిగ్గా వానాకాలం పెట్టుబడుల రోజుల్లోనే యాభై, అరవై వేలు తీయాల్సి వస్తుంది. నల్లగొండలో కొన్నా, పాలమూరులో కొన్నా, బస్సెక్కి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీ దాకా పోయినా, ఆ పైసలు ఎక్కువగా మునిగేది ఒక్కచోటే: పెద్దక్షరాల్లో ఉన్న పేరు చదివి, దాని పక్కన చిన్నగా ఉన్న నంబరును వదిలేయడం దగ్గర.

ల్యాప్‌టాప్‌కు మెదడులాంటి చిప్ ప్రాసెసర్. అందులో ఏఎండీ కంపెనీ ‘రైజెన్ 5, ఏడు వేల సిరీస్’ అనే మాటే తీసుకోండి. 7520యూ, 7530యూ, 7540యూ మూడూ ఆ పేరుతోనే అమ్ముడవుతాయి. ఏఎండీ ఈ సిరీస్‌లో చిప్ తరాన్ని మూడో అంకెలో పెట్టింది. ఆ తరాలకు పెట్టిన పేరు జెన్. 2 ఉంటే జెన్ 2, అంటే 2019లో వచ్చిన డిజైన్. 3 ఉంటే జెన్ 3 లేదా 3 ప్లస్. 4 ఉంటే జెన్ 4. 7520యూలో ఉండేవి నాలుగు కోర్లు (చిప్‌లో పని చేసే భాగాలు), 7530యూలో ఆరు. పైగా 7520యూతో వచ్చే ర్యామ్ ఎల్‌పీడీడీఆర్5 రకం, బోర్డుకే అతికి ఉంటుంది. 8 జీబీది కొన్నారంటే నాలుగేళ్లూ 8 జీబీయే. రెండో ఏడాది ర్యామ్ పెంచుకుందామన్నా కుదరదు. మొదటి అంకె 7 చూసి ‘కొత్తది’ అనుకున్నవాళ్లు మోసపోయేది ఇక్కడే.

ల్యాప్‌టాప్ పేరు కూడా ఇంతే. లెనోవో ‘ఐడియాప్యాడ్ స్లిమ్ 3’ అన్నంత మాత్రాన లోపల ఏముందో తెలియదు. దాని చివర 15ఏఎంఎన్8 అని ఉంటే 7520యూ తరగతి చిప్, 15ఏబీఆర్8 అని ఉంటే 7530యూ తరగతి. పైకి అక్కచెల్లెళ్లలా ఒకేలా కనిపిస్తాయి. అందుకే దుకాణంలో ‘అన్నా, జర డబ్బా మీది లేబుల్ చూపెట్టు’ అని అడగడానికి మొహమాటపడొద్దు. ఆన్‌లైన్‌లో అయితే ఒకే పేజీలో రంగో, స్టోరేజీయో మార్చినప్పుడు ప్రాసెసర్ కూడా మారిపోతుంటుంది. ఆర్డర్ నొక్కేముందు కింద వివరాల పట్టికలో నంబరు మళ్లీ చదవండి.

ఇంటెల్ వైపు చూడాల్సింది చివరి అక్షరం. ఐ5-1335యూలో పది కోర్లు, ఐ5-13420హెచ్‌లో ఎనిమిదే. పదే మేలనిపిస్తుంది. కానీ మొదటిదాంట్లో గట్టి పని చేసే పెద్ద కోర్లు రెండే, మిగతా ఎనిమిదీ చిన్నవి. రెండోదాంట్లో పెద్దవి నాలుగు. బేస్ పవర్ యూకి 15 వాట్లు, హెచ్‌కి 45. క్యాడ్ (కంప్యూటర్‌లో ఇంజినీరింగ్ డ్రాయింగ్), గేమ్‌లు, పెద్ద ప్రోగ్రాముల కంపైలింగ్ ఉంటే హెచ్ తీసుకోండి. నోట్సు, కోడింగ్ నేర్చుకోవడం, రోజంతా ఛార్జింగ్ నిలవడం ముఖ్యమైతే యూ చాలు. ఇప్పుడు ‘ఐ’ తీసేసి ‘కోర్ 5’, ‘కోర్ అల్ట్రా 5’ అంటున్నారు. ఈ రెండూ ఒకటి కావు. కోర్ 5 120యూ పాత ర్యాప్టర్ లేక్ చిప్పే. అల్ట్రా 5 125హెచ్ మీటియర్ లేక్. ‘అల్ట్రా’ అన్న ఒక్క మాట నోటితో చెప్పేటప్పుడు జారిపోతుంది, కాగితం మీద చూడండి.

గ్రాఫిక్స్ కార్డుకు పేరుతోపాటు వాట్లు, అంటే అది వాడుకోగల పవర్ కూడా చూడాలి. ఎన్‌విడియా ల్యాప్‌టాప్ కార్డు ఆర్‌టీఎక్స్ 4050ని తయారీదారు 35 నుంచి 115 వాట్ల మధ్య ఎక్కడైనా పెట్టొచ్చు. తక్కువ వాట్లది, ఎక్కువ వాట్లది ఒకే స్టిక్కర్‌తో వస్తాయి, గేమ్ మొదలుపెట్టాకే తేడా తెలుస్తుంది. ‘3050’ అంటే 4 జీబీయా, 6 జీబీయా అడగండి. డెస్క్‌టాప్ కార్డు కొనేవాళ్లకూ ఇదే చిక్కు: 3050 8 జీబీలో 2,560 కోర్లుంటే, 6 జీబీలో 2,304, మెమరీ దారి కూడా 128 బిట్ల నుంచి 96కి తగ్గింది. తగ్గింది మెమరీ ఒక్కటే అనుకోవద్దు.

పేరో, అంకో వేరుగా కనిపించినా కంగారు అక్కర్లేనివీ ఉన్నాయి. యూఎస్‌బీ 3.0, 3.1 జెన్ 1, 3.2 జెన్ 1 (ఈ జెన్ ఏఎండీ జెన్ కాదు, Gen) మూడూ ఒకటే, వేగం 5 జీబీపీఎస్. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ విండోస్‌లో 476గా కనిపిస్తే కంగారు వద్దు, లెక్కించే పద్ధతి తేడా అంతే.

దుకాణంలో వరుస తప్పొద్దు. ముందు సీలు తీయని డబ్బా మీద పూర్తి మోడల్ నంబరు, తయారీ లేదా దిగుమతి నెల చూసి, కొటేషన్‌తో సరిపోల్చండి. సీలు తీశాక ‘వాపసు తీసుకోం’ అనే దుకాణాలే ఎక్కువ. అన్నీ సరిపోయాకే తెరిపించి, అక్కడే విండోస్ సెటప్ పూర్తి చేయించండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ నొక్కితే పూర్తి పేరు, కోర్లు కనిపిస్తాయి. మెమరీ నొక్కి ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉందేమో చూడండి. ఉంటే ర్యామ్ బోర్డుకు అతికినదే. ఎన్‌విడియా కార్డుంటే దాని కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే గరిష్ఠ వాట్లు తెలుస్తాయి.

బిల్లు మీద ‘ల్యాప్‌టాప్ ఐ5 16/512’ అని రాసిస్తే ఒప్పుకోవద్దు. మోడల్ నంబరు, ప్రాసెసర్ నంబరు, సీరియల్ నంబరు, జీఎస్టీ అన్నీ ఉండాలి. చెప్పింది ఒకటి, ఇచ్చింది ఒకటి అయితే ఆ బిల్లే మీకు ఆధారం. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు వేయొచ్చు. 5 లక్షల రూపాయల లోపు వస్తువుకు ఫీజు లేదు.