కోపం వస్తే ముందు ఊపిరి సంగతి చూడండి

హన్మకొండ చౌరస్తాలో ఎవడో బైక్ అడ్డం పెట్టాడు, గుండె దడదడ, తిట్టు నోటిదాకా వచ్చింది. మెదడులోని అమిగ్డలా అనే భాగం అపాయం అనుకుంది, నరాల ద్వారా కబురు అందగానే కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు క్షణాల్లో అడ్రినలిన్ అనే హార్మోన్ వదిలాయి, అంతే. కార్టిసాల్ అనే ఇంకో ఒత్తిడి హార్మోన్ మాత్రం నిదానం: మెదడులోని హైపోథాలమస్ నుంచి దాని కిందుండే పిట్యూటరీ గ్రంథికి, అక్కడి నుంచి రక్తంలో అడ్రినల్‌కు కబురు చేరాలి కాబట్టి నిమిషాలు పడుతుంది, తగ్గడానికి ఇంకా ఎక్కువసేపు. ఇంటికెళ్లాక పిల్లల మీద చిరాకు పడేది అందుకే కావచ్చు.

బండి పక్కకు ఆపండి. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి, ఓ ఐదు నిమిషాలు. వదిలేటప్పుడే మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నరం గుండె వేగాన్ని తగ్గిస్తుంది. వెంటనే చాయ్ వద్దు (నాకూ కష్టమే), కెఫీన్‌తో దడ పెరగొచ్చు. వీలైతే భద్రకాళి చెరువు బండ్ మీద కాసేపు నడిచి, తర్వాత ఇంటికి వెళ్లండి.