జీతం ఐదో తారీఖుకే ఆవిరైపోతోందా? ఇలా చేసి చూడండి

'ఈ నెల పక్కాగా దాచాలి' అని ఒట్టు పెట్టుకుని, పదో తారీఖుకల్లా అకౌంట్‌లో గుండుసున్నా చూసుకునే బ్యాచ్ అయితే ఇది మీకే. ముందు మనసు గట్టి చేసుకునే కార్యక్రమం పక్కన పెట్టేయండి, దానితో అయ్యేదైతే ఈపాటికే అయ్యేది.

1960ల చివర్లో స్టాన్‌ఫోర్డ్‌లో వాల్టర్ మిషెల్ అనే సైకాలజిస్టు నర్సరీ పిల్లల ముందు తినుబండారం పెట్టి, నేను వచ్చేదాకా ఆగితే ఎక్కువ ఇస్తానన్న సంగతి చాలామంది వినే ఉంటారు. మనకు పనికొచ్చే ముక్క ఆ తర్వాత ఉంది: తినేది కనబడకుండా దాచేసినప్పుడు అదే వయసు పిల్లలు చాలా ఎక్కువసేపు ఆగగలిగారు. (ఆగినవాళ్ళే పెద్దయ్యాక పైకొస్తారన్న ప్రచారాన్ని మాత్రం మరీ నమ్మకండి. 2018లో ఇంకా ఎక్కువమంది పిల్లలతో చూసి, ఇంటి పరిస్థితులు కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా చాలావరకు కరిగిపోయింది.)

కాబట్టి డబ్బు కూడా కంటికి కనబడకముందే వెళ్ళిపోవాలి. జీతం పడిన మర్నాడే ఆర్‌డీకి (నెలనెలా కొంత వేసే రికరింగ్ డిపాజిట్‌కి) ఆటో డెబిట్ పెట్టండి. నేను తెలివిగా 25వ తేదీ పెట్టుకున్నా, మూడు నెలలు వరసగా బ్యాలెన్స్ లేక ఫెయిలై పైన ఛార్జీలు కూడా కట్టా, ఇప్పుడు 2వ తేదీకి మార్చాక అసలు గుర్తే ఉండట్లేదు.

ఎంత అంటే, వెయ్యి అయినా ఫర్లేదు, కానీ ఇంక్రిమెంట్ వచ్చినప్పుడల్లా పెంచుతానని ఇవాళే ఫిక్సయిపోండి. రాని డబ్బు మీద మనకు మమకారం తక్కువ. అమెరికాలో థేలర్, బెనార్ట్జి అనే ఆర్థికవేత్తలు ఒక కంపెనీలో ఇలాగే చేయిస్తే, ఒప్పుకున్న ఉద్యోగుల పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది.

ఇంకో మందు, నలుగురి కళ్ళు. బ్యాంకులో రూపాయి నిలవని మా పిన్ని, చిట్టీ వాయిదా మాత్రం ఒక్కసారీ తప్పలేదు, తప్పితే పాట రోజు అందరిలో మొహం ఎలా చూపిస్తుంది? రిజిస్టరైన చిట్టీయే అయ్యుండాలి, అది మర్చిపోకండి.

ఇక అర్ధరాత్రి ఆర్డర్లు. యాప్‌లో సేవ్ చేసిన కార్డు వివరాలు తీసేసి, కార్డు బీరువాలో బట్టల కింద పెట్టండి. నాకైతే లేచి లైటు వేసి తాళం వెతికేలోపు సగం సార్లు నిద్రే గెలుస్తుంది. మిగతా సగం బిర్యానీదే, ఏం చేస్తాం.