హైదరాబాద్ పగటి పొడవును సైన్ తరంగంతో లెక్కగట్టడం

ఏడాదిలో ఏ రోజు పగలు ఎంతసేపు ఉంటుందో చెప్పడానికి నాలుగు అంకెలు చాలు: మధ్యరేఖ (సగటు పగలు), కంపన పరిమితి (సగటుకు పైకీ కిందికీ ఎంత ఊగుతుందో), ఆవర్తన కాలం (ఒక చుట్టు పూర్తికి పట్టే సమయం), దశ (ఆ చుట్టు ఏ రోజున మొదలవుతుందో).

హైదరాబాద్‌లో జూన్ 21న పగలు దాదాపు 13 గంటల 10 నిమిషాలు, డిసెంబర్ 21న 11 గంటల 5 నిమిషాలు. ముందుగా వీటిని దశాంశాల్లోకి మార్చండి: 13.17, 11.08. పది నిమిషాలే కదా అని 13.10 వేస్తే లెక్క అక్కడే చెడుతుంది. రెండింటినీ కూడి సగం చేస్తే మధ్యరేఖ 12.13. తేడాలో సగం 1.04, అదే కంపన పరిమితి. ఆవర్తన కాలం 365 రోజులు. పగలు మధ్యరేఖను దాటి పైకెళ్లేది మార్చి 21 ప్రాంతంలో, అంటే ఏడాదిలో 80వ రోజున. దశ అక్కడి నుంచే వస్తుంది. కింది సూత్రంలో ‘రోజు’ అంటే జనవరి 1 నుంచి లెక్కించిన రోజు సంఖ్య.

పగలు = 12.13 + 1.04 × సైన్(360 × (రోజు − 80) ÷ 365)

జనవరి 15కి వేసి చూడండి. బ్రాకెట్లో −64.1 డిగ్రీలు, దాని సైన్ −0.90, జవాబు 11.19. అంటే సంక్రాంతి పగలు 11 గంటల 12 నిమిషాలు. సూర్యోదయాస్తమయాల పట్టికతో నిమిషం తేడాలో సరిపోతుంది. ఎక్సెల్‌లో చేస్తుంటే 360 బదులు 6.2832 వేయండి. అక్కడి సైన్ ఫంక్షన్ కోణాన్ని డిగ్రీల్లో కాదు, రేడియన్లలో తీసుకుంటుంది (పూర్తి వృత్తం 360 డిగ్రీలు, అంటే 6.2832 రేడియన్లు). గ్రాఫు పిచ్చిగా ఎగిరిపడుతుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

అక్టోబర్ 2కి మాత్రం సూత్రం 11 గంటల 54 నిమిషాలంటుంది, అసలు పగలు దాదాపు 11 గంటల 58. భూకక్ష్య దీర్ఘవృత్తం కావడం, దానివల్ల భూమి వేగం మారుతుండటమే కారణం: మార్చి విషువత్తు (పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే రోజు) నుంచి సెప్టెంబర్ విషువత్తుకు 186 రోజులు పడితే, తిరుగు సగానికి 179 చాలు. మన తరంగం రెండు సగాలనూ సమానంగా పంచి, సెప్టెంబర్‌లో మూడు నాలుగు రోజులు ముందే మధ్యరేఖ దాటేస్తుంది. ఆ రోజుల్లో పగలు రోజుకు నిమిషం చొప్పున తగ్గుతుంది కాబట్టి తేడా నాలుగు నిమిషాలకు చేరుతుంది.

ఏడాది మొత్తం డేటా చేతిలో ఉంటే జూన్, డిసెంబర్ అనే రెండు కొసలనే నమ్ముకోవద్దు. ప్రతి రోజుకూ 360 × రోజు ÷ 365 కోణానికి సైన్ ఒక కాలమ్‌లో, కొసైన్ ఇంకో కాలమ్‌లో వేసి రిగ్రెషన్ (డేటాకు అతి దగ్గరగా సరిపోయే గుణకాలను వెతికే లెక్క) చేయండి. గుణకాలు 0.16, −1.00 దగ్గర రావాలి. వాటి వర్గాల మొత్తానికి వర్గమూలమే కంపన పరిమితి. మధ్యరేఖ 12.13కి బదులు 12.00 దగ్గర వస్తే తప్పు మీది కాకపోవచ్చు. కొన్ని పంచాంగాలు వాతావరణంలో కాంతి వంగడాన్ని వదిలేసి, సూర్యబింబం మధ్యభాగాన్ని బట్టి ఉదయాస్తమయాలు కడతాయి, అప్పుడు పగలు కాస్త తగ్గుతుంది. మామూలు పట్టికలు కాంతి వంగడాన్నీ కలుపుకుని బింబం పై అంచును చూస్తాయి.

ఇదే సూత్రాన్ని ఉష్ణోగ్రతకు తగిలిస్తే కుదరదు. మేలో మండిన ఎండ జూన్‌లో రుతుపవనాలు రాగానే దిగిపోతుంది, ఒక్క సైన్ ఆ మలుపును పట్టుకోలేదు. ఆవర్తన కాలం 182.5 రోజులు, అంటే అర ఏడాది ఉన్న రెండో తరంగాన్ని కలపాలి. వర్షపాతానికైతే ఈ పద్ధతే వద్దు: నెలల తరబడి సున్నా దగ్గర పడి ఉండే డేటాకు సైన్ అతికిస్తే వాన పడని నెలల్లో రుణాత్మక వాన చూపిస్తుంది.