మోటారు గుయ్‌మంటోంది, కదలట్లేదు

28బీవైజే-48 అనే చిన్న 5 వోల్టుల స్టెపర్ మోటారు (అడుగు అడుగుగా తిరిగే రకం), దానికి కరెంటు అందించే యూఎల్‌ఎన్2003 డ్రైవర్ బోర్డు, కోడ్ రాసి నడిపే చిన్న బోర్డు ఆర్డుయినో ఊనో. డ్రైవర్ మీది ఐఎన్1 నుంచి ఐఎన్4 దాకా ఉన్న ఇన్‌పుట్లను వరుసగా ఊనో 8, 9, 10, 11 పిన్లకు కలిపాను. కోడ్‌లోనూ అదే వరుస. మోటారేమో ఉన్నచోటే వణుకుతూ గుయ్‌మంది.

మోటారు కాలిపోయిందనుకుని ఇంకోటి పెట్టాను. అదీ అంతే! చివరికి అడుగుకీ అడుగుకీ మధ్య అర సెకను ఆగేలా కోడ్ మార్చి, డ్రైవర్ మీది ఎల్‌ఈడీలను చూస్తూ కూర్చున్నా. అప్పుడు దొరికింది దొంగ. మొదటి అడుగులోనే 1, 3 లైట్లు కలిసి వెలుగుతున్నాయి. ఆ రెండూ మోటారు లోపలి ఒకే కాయిల్‌కు (తీగచుట్టకు) రెండు కొసలు. ఒకదాని లాగుడు ఇంకోటి కొట్టేస్తుంది. వెలగాల్సింది పక్కపక్క జతలు: 1-2, 2-3, 3-4, 4-1.

తీగలు ముట్టుకోలేదు. కోడ్‌లో వాడిన స్టెపర్ లైబ్రరీకి (మోటారును నడిపే రెడీమేడ్ కోడ్‌కి) మధ్య రెండు పిన్లను తారుమారు చేసి 8, 10, 9, 11 అని ఇచ్చాను, అంతే, తిరిగింది.

కానీ పూర్తి చుట్టు కాదు, దాదాపు 35 డిగ్రీలే. ఏదో ఉదాహరణలోంచి 200 అడుగులని ఎత్తుకొచ్చిన పాపం. లోపల గేర్లున్నాయి కాబట్టి దీనికి చుట్టుకు సుమారు 2048 అడుగులు కావాలి. వేగం నిమిషానికి 60 చుట్లు అడిగితే మళ్లీ గుయ్. 10కి దించితే బుద్ధిగా తిరుగుతోంది.

కరెంటు వేరే 5 వోల్టుల సప్లై నుంచి ఇచ్చి, గ్రౌండ్‌లు రెండూ కలిపాను. ఆగాక కూడా మోటారు వేడెక్కుతుంటే నాలుగు పిన్లూ ఆఫ్ చేసేశా.