ఊరి చెరువు పాడవకుండా గోగునార తీసుకోవడం ఎలా

ఆమదాలవలస, చీపురుపల్లి వైపు గోగు వేసేవాళ్ళకి ఇది కొత్తేం కాదు, కోతలయ్యాక నార విడడానికి కట్టలన్నీ ఊరి చెరువులో పడేస్తాం, పది రోజులకి నీళ్ళు నల్లబడి కంపు, గేదెలు కూడా మూతి పెట్టవు. ఒక ఏడాది మా చెరువులో చేపలు తేలిపోతే చెరువు వేలం పాట పాడుకున్నాయన గట్టు మీదకొచ్చి నార డబ్బులు మీకు, నా చేపల డబ్బులు ఎవడిస్తాడు అన్నాడు, ఏం చెప్తాం.

విషమేం కాదండి అది. గోగు బెరడులో జిగురుని బ్యాక్టీరియా తింటేనే నార విడుతుంది, ఆ తినేటప్పుడు నీళ్ళలో ఆక్సిజన్ అయిపోతుంది, చేపకి ఊపిరాడదు. అంటే నీళ్ళలోకి ఎంత తక్కువ పచ్చి దిగితే అంత మేలు.

కాబట్టి పని పొలంలోనే మొదలెట్టాలి. సగం మొక్కలు పూతకొచ్చినప్పుడు కోసి, కట్టలు కట్టి మూడు నాలుగు రోజులు అక్కడే వదిలేస్తే ఆకు రాలిపోతుంది, దులిపేసి పొలానికే ఎరువుగా ఉంచేయండి (లేతగా ఉన్నప్పుడైతే పచ్చడికి పోయేది, ముదిరాక ఎవరు తింటారు). ఆకుతో సహా ముంచితే కంపు డబుల్.

తర్వాత అసలు విషయం, కర్ర మొత్తం ఊరేయక్కర్లేదు. పచ్చిగా ఉన్నప్పుడే మొదలు వైపు సుత్తితో కొద్దిగా చితక్కొట్టి బెరడు ఒలిచేసి, ఆ పట్టీలు మాత్రమే ఊరబెట్టొచ్చు. నీళ్ళు దాదాపు సగం చాలు, రోజులూ తగ్గుతాయి, కర్రలు కుళ్ళకుండా దడికో పొయ్యికో మిగుల్తాయి. ఒలవడానికి కూలి ఎక్కువవుతుంది, అది మాత్రం దాచను, ఇంట్లో నలుగురు చెయ్యేస్తేనే గిట్టుతుంది, లేదంటే ఒలిచే చిన్న మెషీన్లున్నాయి, నలుగురు కలిసి కొనుక్కోవచ్చు.

ఊరబెట్టడానికి చెరువు వద్దు, పొలం మూల పల్లంలో గొయ్యి తీసి టార్పాలినో మందపాటి ప్లాస్టిక్ షీటో పరిచేయండి, బావికీ బోరుకీ దూరంగా. కర్రలే ఊరేస్తామంటే మొదలు లావుగా ఉంటుంది కాబట్టి ముందు రెండు మూడు రోజులు మొదళ్ళు మాత్రం మునిగేలా నిలబెట్టి తర్వాత పడుకోబెట్టాలి, పైన జానెడు నీళ్ళుండాలి. బరువుకి రాళ్ళు పెట్టండి, మట్టిగడ్డలు, అరటి బోదెలు వేస్తే నార నల్లబడి రేటు పడిపోతుంది, చాలామంది ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటారు.

బెంగాల్ బారక్‌పూర్‌లోని జనపనార పరిశోధన సంస్థ వాళ్ళ క్రిజాఫ్ సోనా అని బ్యాక్టీరియా పౌడర్ ఉంది, ప్యాకెట్ మీద చెప్పినంత కట్టల మధ్య చల్లితే మామూలుగా మూడు వారాలు పట్టేది రెండు వారాలకొచ్చేస్తుంది, నార రంగు కూడా బాగుంటుంది. అదే నీళ్ళలో రెండో విడత ఊరేస్తే సగం డోసు చాలు. ఆమదాలవలసలోనే గోగు మీద పనిచేసే వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది కదా, ఎక్కడ దొరుకుతుందో అక్కడ అడగండి.

పదో రోజు నుంచి రోజూ ఒక కర్ర తీసి చూడాలి, మధ్యలో పట్టుకుని లాగితే నార జారిపోయేలా వచ్చిందంటే ఇంక ఒక్కరోజు కూడా ఆగకూడదు, ఎక్కువ ఊరితే నార పుటుక్కున తెగుతుంది.

మిగిలిన నీళ్ళు రాత్రిపూట గుట్టుగా గెడ్డలోకి (వాగులోకి) వదిలేసేవాళ్ళున్నారు, వద్దు బాబూ. అందులో పొటాష్ బాగా ఉంటుంది, కొన్నాళ్ళు నిలవ ఉంచి మామూలు నీళ్ళు కలిపి పొలానికే పెట్టుకోండి. నార మొదటి కడుగు గొయ్యిలోనే, చివరిది డ్రమ్ములో శుభ్రమైన నీళ్ళతో. ఆరబెట్టేది వెదురు దండెం మీదే, నేల మీద పరిస్తే ఇసుకంటుకుంటుంది, కాటా దగ్గర కొనేవాడు మొదట వేలు పెట్టి చూసేది దాన్నే.